రాకుమారుడి భాష: కాంతారావు నటజీవితం – పునఃపరిశీలన

వ్యాససంగ్రహం

తాడేపల్లి లక్ష్మీకాంతారావు (1923–2009) తెలుగు సినిమాచరిత్రలో 'జానపద కథానాయకుడి'గా, జనవ్యవహారంలో 'కత్తి కాంతారావు'గా స్థిరపడ్డాడు. ఈ రెండు గుర్తింపులూ ఆయన నటనలోని ప్రధానాంశాన్ని మరుగుపరిచాయన్నది ఈ వ్యాస ప్రతిపాదన. హైదరాబాద్ సంస్థానంలో పుట్టిన నటుడికి మద్రాసు చిత్రపరిశ్రమలో ఏ భాష చోటిచ్చింది, ఆ చోటులో ఆయన ఏం సాధించాడు అన్న ప్రశ్నలను 'లవకుశ', 'నర్తనశాల', 'ఏకవీర' మొదలైన చిత్రాల ఆధారంగా పరిశీలించడం దీని ఉద్దేశం.

ముఖ్యపదాలు: కాంతారావు, జానపద చిత్రం, సినిమా భాష, తెలంగాణ, ద్వితీయ నాయకుడు, విఠలాచార్య.

1. ఒక పేరు – రెండు గతులు

కాంతారావు 2009 మార్చి 22న హైదరాబాదులో కన్నుమూశాడు. మరుసటి ఏడాది చివర 'కత్తి కాంతారావు' అనే హాస్యచిత్రం విడుదలైంది. ఇ.వి.వి.సత్యనారాయణ దర్శకుడు, అల్లరి నరేష్ కథానాయకుడు. ఆ చిత్రానికీ నటుడి జీవితానికీ సంబంధం లేదు. ఆ పేరు వినగానే ప్రేక్షకుడి ముఖాన చిరునవ్వు మొలుస్తుందన్న భరోసా తప్ప నిర్మాతలకు ఆయనతో పనిలేదు. 2025లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరిట చలనచిత్ర పురస్కారాలు ప్రదానం చేసినప్పుడు వాటిలో ఒక ప్రత్యేక పురస్కారానికి కాంతారావు పేరు పెట్టింది. పైడి జైరాజ్ పేరిట మరొకటి నెలకొల్పింది. పదిహేనేళ్ల వ్యవధిలో ఒకే పేరు మొదట హాస్యానికి, తరువాత ప్రాంతీయ గౌరవానికి చిహ్నమైంది.

ఈ రెండింటిలోనూ నటుడు లేడు. మొదటిదానిలో కత్తి ఉంది, రెండోదానిలో జన్మస్థలం ఉంది. ఆయన తెరమీద ఏం చేశాడన్నది రెండింటికీ అక్కరలేకపోయింది.

తెలంగాణ సాహిత్యచరిత్ర తెలిసినవారికి ఈ స్థితి కొత్తకాదు. నిజాం రాష్ట్రంలో కవులు పూజ్యమన్న మాటకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించి 354 మంది కవుల రచనలను ఒకచోట చేర్చాడు. అది చారిత్రకంగా అవసరమైన పని. అయితే పట్టిక వేయడం ఒక దశ, ఆ పట్టికలోని ఒక్కొక్క కవిని చదవడం మరో దశ. మొదటి దశ పూర్తయిందన్న తృప్తిలో రెండోది వాయిదా పడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. తెలంగాణ నటుల విషయంలో ప్రస్తుతం జరుగుతున్నది అదే. పేర్ల పట్టిక సిద్ధమైంది, పఠనం మొదలుకాలేదు.

2. గుడిబండ నుంచి మద్రాసు

కాంతారావు 1923 నవంబర్ 16న నాటి నల్లగొండ జిల్లా, కోదాడ సమీపంలోని గుడిబండలో జన్మించాడు. ఇప్పుడది సూర్యాపేట జిల్లా. హైదరాబాద్ సంస్థానపు తూర్పు అంచు అది. కోదాడ దాటితే జగ్గయ్యపేట, అంటే నాటి మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లా. పాలనలో రెండు దేశాల్లాంటి ఈ రెండు ప్రాంతాల మధ్య భాషలో అంత దూరం లేదు. మెదక్ సీమలోని గజ్వేల్ మాటను, కోదాడ మాటను పక్కపక్కన పెట్టి వింటే 'తెలంగాణ మాండలికం' అని ఏకవచనంలో చెప్పడంలోని ఇబ్బంది తెలుస్తుంది. గుడిబండ యువకుడికి సరిహద్దుకు అవతల వర్ధిల్లిన పద్యనాటకం పరాయి కళ కాదు. రంగస్థలం మీది అభిరుచే ఆయనను మద్రాసు దారి పట్టించింది.

తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి ఆయనకు తొలి అవకాశమిచ్చాడు. 'నిర్దోషి' (1951)లో చిన్న వేషం, ఆ వెంటనే 'ప్రతిజ్ఞ' (1953)లో కథానాయకుడు. ఆ 'ప్రతిజ్ఞ'తోనే రాజనాల కూడా చిత్రరంగ ప్రవేశం చేశాడు. తరువాతి పదిహేనేళ్లపాటు తెలుగు తెరపై ఒకరిపై ఒకరు కత్తి దూసిన నాయక, ప్రతినాయకులు ఇద్దరూ ఒకే చిత్రంతో గుర్తింపులోకి రావడం చరిత్రలో తారసపడే చమత్కారాలలో ఒకటి. 1955లో ఎన్టీఆర్ సొంత సంస్థ నిర్మించిన 'జయసింహ'లో కాంతారావుకు రెండో స్థానం దక్కింది. ఆ స్థానం ఆయన జీవితాంతం వదలనిదైంది.

3. ప్రవేశమిచ్చిన భాష

1950, 60 దశకాల తెలుగు సాంఘిక చిత్రం ఒక నిర్దిష్టమైన భూగోళంలో నడుస్తుంది. 'రోజులు మారాయి' (1955)లోని పొలాలు, 'మూగమనసులు' (1964)లోని గోదావరి, 'సాక్షి' (1967)లోని పల్లె అన్నీ కృష్ణా, గోదావరి మండలాలవి. పాత్రల నుడికారం, పలకరింపులు, ఎకసెక్కాలు ఆ నేలవే. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. రచయితలు తమ ఊరి మాటను రాశారు. ముళ్లపూడి వెంకటరమణ సంభాషణల్లోని జీవం ఆ స్థానికతలోంచి పుట్టిందే. కాని ఆ స్థానికతే 'తెలుగు' అన్న మాటకు పర్యాయమైనప్పుడు, ఇతర ప్రాంతాల నటుడు దానిని నేర్చుకొని పలకవలసి వచ్చింది. ఒక ప్రాంతపు నటుడికి అది తల్లి నుడి, మరో ప్రాంతపు నటుడికి అభ్యాసం.

పౌరాణిక, జానపద చిత్రాల భాష స్థితి వేరు. "ప్రభూ", "మహామంత్రీ", "ఎంతటి సాహసము" అనే ధోరణిలో సాగే ఆ అర్ధగ్రాంథికం ఏ జిల్లాకూ చెందినది కాదు. తెనాలిలోగాని, గుడిబండలోగాని, గజ్వేల్‌లోగాని ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. అందరికీ సమదూరంలో ఉన్న భాష కనుక అందులో పుట్టుకతో వచ్చే ఆధిక్యం ఎవరికీ ఉండదు. స్పష్టోచ్చారణ, ఊపిరిపై అదుపు, సమాసాన్ని విరవకుండా పలికే నేర్పు ఉన్నవాడికే అది లొంగుతుంది. తెలంగాణ నుంచి వచ్చిన తొలితరం చిత్రకళాకారులకు మద్రాసులో ప్రవేశమిచ్చింది ఈ 'ఎవరిదీ కాని భాష' అన్నది ఇక్కడి ప్రతిపాదన.

గీతరచయితల చరిత్ర దీనికి తోడు సాక్ష్యం ఇస్తుంది. దాశరథి కృష్ణమాచార్య 1961లో 'వాగ్దానం', 'ఇద్దరు మిత్రులు' చిత్రాలతో, సి.నారాయణరెడ్డి 1962లో 'గులేబకావళి కథ'తో సినీరంగంలోకి వచ్చారు. వారిద్దరినీ తీసుకువచ్చింది పాట. అంటే కావ్యభాషకు దగ్గరగా ఉండే, ప్రాంతముద్ర అడగని రూపం. సంభాషణలోకంటే ముందు పాటలో, సాంఘికంకంటే ముందు జానపదంలో తెలంగాణ గొంతు వినబడటం కేవలం యాదృచ్ఛికమని చెప్పలేం.

ఈ ప్రతిపాదనకు పరిమితి ఉంది. అదే నల్లగొండ జిల్లా తుంగతుర్తి నుంచి వచ్చిన ఎం.ప్రభాకరరెడ్డి ఉస్మానియాలో వైద్యవిద్య చదివి 'చివరకు మిగిలేది' (1960)తో సాంఘిక చిత్రంలోనే అడుగుపెట్టి సుదీర్ఘకాలం నిలిచాడు. కనుక సాంఘికం తలుపు మూసి ఉందనడం సరికాదు. అక్కడ ప్రవేశరుసుము ఉంది, అది భాషారూపంలో ఉంది. ప్రభాకరరెడ్డి ఆ రుసుము చెల్లించాడు. చదువుకున్న నగరవాసి పాత్రలు, న్యాయవాదులు, ప్రతినాయకులు ఆయనకు ఎక్కువగా రావడం ఈ దృష్టితో చూడదగినది. మరోవైపు 1909లో కరీంనగర్‌లో జన్మించిన పైడి జైరాజ్ హైదరాబాదులో చదువుకొని, 1929 ప్రాంతంలోనే బొంబాయి చేరి, మూకీల నుంచి మొదలుపెట్టి హిందీ చారిత్రక చిత్రాల నాయకుడై 1980కి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నాడు. హైదరాబాద్ నగరం ఆయనకిచ్చిన హిందుస్తానీ బొంబాయిలో పనికివచ్చింది. ఒకే సంస్థానం నుంచి బయలుదేరిన ముగ్గురు నటులు మూడు భాషాద్వారాల గుండా వెళ్లారు: ఒకరు హిందుస్తానీ, ఒకరు అర్ధగ్రాంథికం, ఒకరు కోస్తా శిష్టవ్యావహారికం. తెలంగాణ పలుకుబడి స్వయంగా ఒక ద్వారం కావడానికి 'మా భూమి' (1979–80) దాకా ఆగవలసి వచ్చింది. అప్పటికి కాంతారావు నాయకవేషాల కాలం ముగిసింది.

4. 'జానపదం' అనే పేరు

విఠలాచార్య దర్శకత్వంలో కాంతారావు, కృష్ణకుమారి జంటగా వచ్చిన 'కనకదుర్గ పూజామహిమ' (1960), 'గురువును మించిన శిష్యుడు' (1963), 'జ్వాలాద్వీప రహస్యం' (1965) మొదలైనవి జానపద చిత్రాలుగా పేరుపొందాయి. ఉడుపి ప్రాంతం నుంచి కన్నడ రంగం మీదుగా మద్రాసు చేరిన విఠలాచార్య పరిమితమైన ఖర్చుతో మాయలు, మంత్రాలు, జంతువులు, కత్తియుద్ధాలు మేళవించి ఒక నమూనాను తయారుచేశాడు. ఆ నమూనాకు కాంతారావు అతికినట్టు సరిపోయాడు. పొడవైన దేహం, చురుకైన కదలిక, మాట తడబడని కంఠం.

పరిశోధకుల దృష్టిలో అసలు చిక్కు 'జానపద' శబ్దంలో ఉంది. ఒగ్గుకథ, శారదకథ, చిందు భాగవతం వంటి ప్రదర్శనల్లో కనిపించే జానపదానికీ ఈ చిత్రాలకూ చుట్టరికం తక్కువ. కొమురవెల్లి మల్లన్న కథ పాడే ఒగ్గు కళాకారుడికి కథ ఒక కులానికి, దేవతకు, కొలువుకు సంబంధించిన బాధ్యత. సినిమా జానపదానికి అటువంటి ఆనవాలు లేదు. దాని మూలాలు ముద్రితమైన కల్పనలో ఉన్నాయి. మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు' ఒకవైపు, 1947లో ప్రారంభమైన 'చందమామ' మరోవైపు. దాసరి సుబ్రహ్మణ్యం 'చందమామ'లో రాసిన ధారావాహికలలో 'కంచుకోట', 'జ్వాలాద్వీపం' అనే పేర్లున్నాయి. 1965లో 'జ్వాలాద్వీప రహస్యం', 1967లో 'కంచుకోట' చిత్రాలుగా వచ్చాయి, రెండింటిలోనూ కాంతారావు ఉన్నాడు. పేర్ల సామ్యం వల్ల కథల సామ్యాన్ని నిర్ణయించలేం గాని, పత్రిక చదివే పిల్లవాడూ, నేల టికెట్టు ప్రేక్షకుడూ ఒకే ఊహాలోకంలో విహరించారనడానికి ఈ సామ్యం చాలు. 'గురువును మించిన శిష్యుడు' శీర్షిక మాత్రం జానపద విజ్ఞానంలో 325వ కథారకంగా లెక్కకెక్కిన మాంత్రికుడు–శిష్యుడు కథను గుర్తుచేస్తుంది. ఇటువంటి సందర్భాలు ఎన్ని ఉన్నాయో వెతకవలసిన పని ఇంకా మిగిలే ఉంది.

ఇంకొక భేదం ముఖ్యమైనది. నోటికథల్లో నాయకుడు తరచు అనాథ, పశులకాపరి, కడగొట్టు కొడుకు. 'పాతాళభైరవి' (1951) తోటరాముడు ఆ సంప్రదాయానికి దగ్గరి మనిషి. ఆ తరహా నాయకుడు రాజకుమారిని 'గెలుస్తాడు'. కాంతారావు పోషించిన నాయకుడు ఎక్కువగా పుట్టుకతోనే రాకుమారుడు. తప్పిపోవచ్చు, అడవిలో పెరగవచ్చు, కాని చివరికి రాజ్యం అతడిదేనని తేలుతుంది. మొదటి కథ ఎదుగుదలది, రెండోది హక్కుది. సంస్థానాలు, జమీందారీలు రద్దయిన దశాబ్దంలో ప్రేక్షకులు పోయిన రాజ్యాన్ని తిరిగి పొందే రాకుమారుడిని ఎందుకు అంతగా ఆదరించారన్నది సామాజిక చరిత్రకారులు పట్టించుకోవలసిన ప్రశ్న.

ఈ చిత్రాలన్నీ సమాన స్థాయివి కావు. చాలావాటిలో కథ ఒకటే, మంత్రదండం మాత్రం చేతులు మారుతుంది. వాటిలో కాంతారావు నటనకు దొరికే అవకాశం కూడా తక్కువ. కత్తియుద్ధం నటుడి దేహాన్ని చూపుతుంది గాని, పాత్ర మనసును చూపదు. అభిమానులు ఎంతగా మెచ్చినా, ఆయన శ్రేష్ఠమైన పని ఈ చిత్రాలలో లేదు.

5. పక్కన నిలబడే నటన

ఆ పని ఎక్కడ ఉందంటే, ఆయన నాయకుడు కాని చిత్రాలలో ఉంది.

'లవకుశ' 1963 మార్చి 29న విడుదలైంది. తెలుగులో తొలి పూర్తి నిడివి వర్ణచిత్రం. 1934లో తన చేతిమీదుగా వచ్చిన 'లవకుశ'ను సి.పుల్లయ్య మళ్లీ ప్రారంభించగా, ధనాభావం వల్ల ఆగి, ఆయన అనారోగ్యం తరువాత కుమారుడు సి.ఎస్.రావు పూర్తిచేశాడు. మొదలునుంచి విడుదల దాకా సుమారు అయిదేళ్లు పట్టింది. ఆ అయిదేళ్లూ కాంతారావు విఠలాచార్య చిత్రాలతో కత్తివీరుడిగా ఎదుగుతున్న సంవత్సరాలే. ఒకవైపు రాక్షసులను నరుకుతూ, మరోవైపు వదినను అడవిలో విడిచిరావడానికి రథమెక్కే లక్ష్మణుడిగా ఆయన ఏకకాలంలో జీవించాడు.

ఉత్తరరామాయణ కథలో లక్ష్మణుడిది విచిత్రమైన స్థితి. తిక్కన 'నిర్వచనోత్తర రామాయణం' నుంచి కంకంటి పాపరాజు 'ఉత్తర రామాయణం' దాకా తెలుగు కవులకు ఈ ఘట్టం పరీక్షగా నిలిచింది. ఆజ్ఞ ఇచ్చిన రాముడికి రాజధర్మమనే ఆసరా ఉంది. పరిత్యక్త అయిన సీతకు తన నిర్దోషిత్వమనే బలం ఉంది. లక్ష్మణుడికి ఏ ఆసరా లేదు. ఆజ్ఞ అన్యాయమని తెలుసు, కాదనలేడు. సీతకు తెలియని సంగతి తనకు తెలుసు, చెప్పలేడు. రథం మీద ప్రయాణమంతా ఆమె అడవిని చూసి సంతోషిస్తుంటే పక్కన ఉండాలి. ఈ పాత్రకు మాట ఎక్కువైతే నటుడు చెడతాడు. మాటను ఆపుకోవడమే ఇక్కడ నటన.

తెలుగు పౌరాణిక నటన పద్యనాటక వారసత్వం వల్ల మాటను నమ్ముకున్నది. భావం కలిగిన వెంటనే పద్యమై పొంగాలి. ఆ వారసత్వంలోంచే వచ్చిన కాంతారావు ఈ పాత్రలో దానికి ఎదురు నడిచాడు. రాముడి ఎదుట నిరసన, వెనువెంటనే లొంగుబాటు, సీత ఎదుట కప్పిపుచ్చే ప్రయత్నం, చివరికి నిజం చెప్పక తప్పని స్థితి అనే నాలుగు మెట్లను ఆయన గొంతు పెంచి కాక తగ్గించి దిగాడు. ప్రేక్షకుడి కన్నీరు అంజలీదేవి సీతదని, గాంభీర్యం ఎన్టీఆర్ రాముడిదని విమర్శ ఎప్పుడో పంచిపెట్టింది. ఆ కన్నీటికీ ఆ గాంభీర్యానికీ మధ్య వారధి ఎవరన్నది అడగలేదు. రాముడు ఆజ్ఞాపించడాన్ని చూసిన ప్రేక్షకుడు ఆ రాముడిని ద్వేషించకుండా తరువాతి కథలోకి వెళ్లగలుగుతున్నాడంటే, ఆ ద్వేషాన్ని తనలోకి తీసుకొని దుఃఖంగా మార్చిన పాత్ర లక్ష్మణుడే.

అదే ఏడాది 'నర్తనశాల' వచ్చింది. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు, సముద్రాల రాఘవాచార్య రచయిత. ఎన్టీఆర్ అర్జునుడు, బృహన్నల. కాంతారావు శ్రీకృష్ణుడు. 'మాయాబజార్' (1957) తరువాత కృష్ణుడంటే ఎన్టీఆర్ రూపమే జనం మనసుల్లో, గోడల మీది క్యాలెండర్లలో స్థిరపడింది. ఆ రూపాన్ని ధరించినవాడు అర్జున వేషంలో ఎదురుగా నిలబడి ఉండగా, మరొక నటుడు నెమలిపింఛం ధరించి అదే చిత్రంలో కృష్ణుడు కావడం ఎంతటి సాహసమో నేటి ప్రేక్షకుడు సులువుగా ఊహించలేడు. ఎన్టీఆర్‌ను అనుకరిస్తే నకలు అవుతుంది, పూర్తిగా విభేదిస్తే కృష్ణుడు కాకుండా పోతాడు. 'బభ్రువాహన' (1964), 'పాండవ వనవాసం' (1965) చిత్రాలలోనూ ఇదే పరీక్ష ఎదురైంది.

కాంతారావు ఎంచుకున్న మార్గం బంధుత్వం. ఆయన కృష్ణుడిలో దైవత్వం కన్నా పాండవుల ఇంటి మనిషి ముందు కనిపిస్తాడు. తిరుపతి వేంకటకవుల ఉద్యోగవిజయాల రంగస్థల కృష్ణుడు రాయబారి, రాజకీయవేత్త, రాగాలాపనతో సభను కట్టిపడేసేవాడు. ఎన్టీఆర్ కృష్ణుడు సర్వం తెలిసి నవ్వేవాడు. కాంతారావు కృష్ణుడు కష్టంలో ఉన్న బంధువుల యోగక్షేమాలు కనుక్కోవడానికి వచ్చినవాడు. నవ్వులో ఆధిక్యం తక్కువ, ఆప్యాయత ఎక్కువ. పాత్ర నిడివి చిన్నది కావచ్చు, కాని ఎదుటివారి దుఃఖాన్ని వినడానికి ఆయన ఇచ్చే సమయం పెద్దది. తెలుగు తెరమీద మాట్లాడే కృష్ణులు అనేకులు. వినే కృష్ణుడు ఈయన.

ఎన్టీఆర్ దర్శకత్వం వహించి రావణపాత్ర ధరించిన 'సీతారామ కల్యాణం' (1961)లో నారదుడి వేషాన్నీ ఈ వరుసలో చూడవచ్చు. నారదుడు కథను కదిపి తాను కదలకుండా ఉండే పాత్ర. తెలుగు రంగస్థలం ఆయనను కలహభోజనుడిగా, సగం విదూషకుడిగా మార్చింది. కాంతారావు ఆ విదూషకత్వాన్ని తగ్గించి భక్తుడి మర్యాదను నిలబెట్టాడు. లక్ష్మణుడు, కృష్ణుడు, నారదుడు – ముగ్గురూ మరొకరి కథలో పక్కన నిలబడే పాత్రలు. మరొకరి మహత్తును నమ్మించడం వారి పని. అర్ధగ్రాంథికంలో ఈ పని మరీ కష్టం, ఎందుకంటే ఆ భాష స్వభావతః తనను తాను చాటుకునేది.

ఆయన ఎప్పుడూ రెండో స్థానంలోనే ఎందుకు ఉండిపోయాడన్న ప్రశ్నకు ప్రాంతీయ వివక్ష అన్న ఏకవాక్య సమాధానం ఇటీవలి ఉపన్యాసాలలో వినబడుతుంది. దాన్ని తేలిగ్గా కొట్టివేయనక్కరలేదు, యథాతథంగా స్వీకరించనూ కూడదు. ఆ దశాబ్దాల చిత్రపరిశ్రమ ఇద్దరు అగ్రనటుల చుట్టూ పరిభ్రమించింది. హరనాథ్, జగ్గయ్య, బాలయ్య వంటి కోస్తా నటులు కూడా ఆ కక్ష్యలోనే తిరిగారు. 'సీతారామ కల్యాణం'లో రాముడైన హరనాథ్‌కు ఆ తరువాత ఆ స్థాయి నిలకడగా దక్కలేదు. రెండో స్థానం వ్యవస్థ తయారుచేసినది. ఆ వ్యవస్థలో ఎవరెవరికి ఏయే రకం రెండో స్థానం దక్కిందన్న చోట ప్రాంతం, భాష పనిచేశాయి.

'ఏకవీర' (1969) ఈ చర్చకు తగిన చివరి ఉదాహరణ. విశ్వనాథ సత్యనారాయణ నవలలో మధుర నాయకరాజుల కాలపు మిత్రులిద్దరు, సేతుపతి, వీరభూపతి. ఒకరు ప్రేమించిన స్త్రీ మరొకరికి భార్య అవుతుంది, తెలిసే నాటికి తిరుగు దారి ఉండదు. చిత్రంలో ఎన్టీఆర్ సేతుపతి, కాంతారావు వీరభూపతి. దర్శకుడు 'లవకుశ' పూర్తిచేసిన సి.ఎస్.రావే. సంభాషణలు సి.నారాయణరెడ్డి రాశాడు. నవలలో ఇద్దరు మిత్రులూ సమానులు, ఇద్దరి వేదనా సమానమే. కనుక కాంతారావుకు ఇక్కడ దక్కింది నిజానికి రెండో పాత్ర కాదు, జంటలో సగం. కృష్ణాతీరపు నవలాకారుడి రచనను హనుమాజీపేట కవి సంభాషణగా మలచగా, గుడిబండ నటుడు పలికాడు. కథ జరిగేది తమిళదేశపు మధురలో. తెలుగు సాహిత్యభాష ఎవరి సొత్తు అన్న వాదానికి ఈ ఒక్క చిత్రం ఇచ్చే సమాధానం చాలా ప్రాంతీయ చర్చలకంటే సూటిగా ఉంటుంది. వసూళ్లలో వెనుకబడినా, కాంతారావు కోసం ఒకే చిత్రాన్ని విద్యార్థులకు చూపవలసివస్తే చూపవలసింది ఇదే.

6. కత్తి దించిన తరువాత

జానపద చిత్రం మీద పట్టు 1963 నుంచే ఆయన చేతిలోంచి జారడం మొదలైంది. ఆ ఏడాది విఠలాచార్య ఒకవైపు కాంతారావుతో 'గురువును మించిన శిష్యుడు' తీస్తూనే, మరోవైపు ఎన్టీఆర్‌తో 'బందిపోటు' తీశాడు. తరువాత 'అగ్గిపిడుగు' (1964), 'పిడుగురాముడు' (1966) వరుసగా ఎన్టీఆర్‌వి. 1967 నాటి 'చిక్కడు దొరకడు', 'కంచుకోట' చిత్రాలలో ఇద్దరూ కలిసి నటించారు. తాను పెంచిన క్షేత్రంలోనే కాంతారావు అతిథి అయ్యాడు. ఆపైన రంగుల చిత్రాలు విస్తరించడంతో తక్కువ ఖర్చులో మాయలు చూపే నలుపుతెలుపు జానపదానికి గిట్టుబాటు తగ్గింది. కృష్ణ నటించిన 'మోసగాళ్లకు మోసగాడు' (1971) సాహసకథను గుర్రంతో సహా కత్తి నుంచి తుపాకికి మార్చింది. గుర్రం మిగిలింది, రాకుమారుడు మిగల్లేదు.

ఆ మార్పు మొదలైన వేళే కాంతారావు నిర్మాతగా మారాడు. 'సప్తస్వరాలు' (1969) మొదలుకొని ఆయన సంపాదన చిత్రనిర్మాణంలోకి వెళ్లి నష్టాలుగా తిరిగివచ్చింది. దీన్ని నటుల అవివేకపు కథల్లో మరొకటిగా చెప్పుకోవడం పరిపాటి. కాని పరిశ్రమ తనకు ఇవ్వని మొదటి స్థానాన్ని సొంత ధనంతో కొనుక్కోవాలని ప్రయత్నించిన నటులు ఆ తరంలో ఆయన ఒక్కడే కాదు. కొన్నవారిలో నిలబెట్టుకున్నవారు బహుతక్కువ. నాయకవేషాలు పోయినా ఆయన నటన మానలేదు. చిన్నచిన్న తండ్రి, పెద్దమనిషి పాత్రలు వేశాడు. రఘుపతి వెంకయ్య పురస్కారం అందుకున్నాడు. ఆర్థికంగా చితికిన వృద్ధనటుడిగా పత్రికల కథనాలకెక్కాడు. ఆ కథనాలలోనూ శీర్షిక కత్తి గురించే ఉండేది.

ఇప్పటికీ ఆయన మీద జరిగే పని ప్రధానంగా చిత్రాల జాబితా చుట్టూనే తిరుగుతున్నది. సముద్రాల, పింగళి సంభాషణల మీద వచ్చినంత చర్చ విఠలాచార్య చిత్రాల సంభాషణా రచయితల మీద రాలేదు. ఆ చిత్రాలలోని అర్ధగ్రాంథిక వాక్యం ఎక్కడ పద్యనాటకం నుంచి, ఎక్కడ 'చందమామ' వచనం నుంచి వచ్చిందో విడదీసి చూపినవారు లేరు. అది తేలితే, ఒక నల్లగొండ నటుడి గొంతు పాతికేళ్లపాటు ఏ వాక్యాన్ని మోసిందో తెలుస్తుంది. 'లవకుశ' రథప్రయాణ ఘట్టంలో లక్ష్మణుడు పలికిన మాటలను, పలకకుండా ఆపిన చోట్లను వరుసగా రాసుకోవడంతో ఆ పని మొదలుపెట్టవచ్చు.